రుజువు మేస్త్రి దోపిన పెచ్చు

శ్మశానం గోడను ఆనుకుని ఉన్న షెడ్డులో నలభై ఏళ్లుగా సమాధి రాళ్లు చెక్కుతున్న మనిషిని ఊరంతా రుజువు మేస్త్రి అంటుంది. ఆ పేరు ఎవరో కక్ష కట్టి పెట్టింది కాదు, ఆయన నోటినుంచి రాలిందే. వాన పడేలా ఉందంటే రుజువేది అంటాడు. పడ్డాక, ఇది వానేనని రుజువేది అనడు గానీ, ముఖం చూస్తే అనేలాగే ఉంటుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ఎడమ చేతికి మూడే వేళ్లు మిగిలాక ఆ సామెత ఆయనకి ఇంకా బాగా అతికింది.

దేవుడి మాట వస్తే ఇక పట్టపగ్గాలుండవు. "ఎన్ని వందల రాళ్లు పెట్టాను! ఒక్కడైనా కిందనుంచి తట్టాడా? మేస్త్రీ, బరువుగా ఉంది, కాస్త జరుపు అన్నాడా?" అని, ఏడుస్తూ రాయి చెక్కమని చెప్పడానికి వచ్చినవాళ్ల ముందు కూడా అనేవాడు. నిజం చెప్పడానికి వేళాపాళా ఏమిటని ఆయన వాదన. నోటి దురదకి నిజమని పేరు పెట్టుకున్న పెద్దమనుషులు లోకంలో తక్కువేం లేరు. మన మేస్త్రి వాళ్లకి పెద్దన్నయ్య.

షెడ్డు గేటు పక్కనే ఒక నల్లరాయి నిలబెట్టి ఉండేది. దాని మీద మేస్త్రి సొంత తమ్ముడి పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. చెక్కడం అద్భుతం. వచ్చినవాళ్లు దాన్ని నమూనా అనుకుని, "మా నాన్నగారికీ ఇలాంటి అక్షరాలే వెయ్యండి" అని చెప్పి వెళ్లేవాళ్లు. అందులో ఒకటే చిన్న లోపం. తమ్ముడు చావలేదు.

అయిదేళ్ల క్రితం అన్నదమ్ములిద్దరూ ఒక పెద్ద పలకని గునపాలతో ఎత్తి దించుతుంటే, పొద్దున్నే తాగొచ్చిన తమ్ముడు తన వైపు గునపం వదిలేశాడు. పలక కింద పడి అన్న వేళ్లు రెండు పోయాయి. ఆస్పత్రినుంచి వచ్చీ రాగానే మేస్త్రి తమ్ముణ్ని గెంటేశాడు. కట్టు విప్పిన మర్నాడే, పలక పడిన రోజునే పోయిన తేదీగా వేసి, ఆ నల్లరాయి చెక్కడం మొదలుపెట్టాడు. ఎవరడిగినా "నా తమ్ముడు పోయాడు, రాయి అదిగో" అనేవాడు. రుజువు లేనిదే ఏదీ ఒప్పుకోని మనిషి, తనకి కావలసిన రుజువు తానే చెక్కుకున్నాడు.

ఆయన ఎవరికీ చెప్పని ముక్క ఒకటుంది. వాళ్ల నాన్న కాలంనుంచి ఆ షెడ్డులో ఒక పద్ధతి. పొద్దున పనిముట్టు పట్టేముందు, చాచిన చేతి చూపుడు వేలి కొసమీద పల్చటి రాతి పెచ్చు ఒకటి పెట్టుకుని వంద లెక్కపెట్టాలి. చెయ్యి వణికితే పెచ్చు పడుతుంది. పడితే ఆ రోజుకి పని లేదు, ఇంటికి పోవాలి. తాగుడు మరిగాక తమ్ముడు పది కూడా దాటేవాడు కాదు. కానీ ఆ రోజు పలక తొందరగా పంపాలని, "పెచ్చూ లేదు గిచ్చూ లేదు, పట్టు గునపం" అన్నది అన్నే.

ఈస్టర్ ఇంకా వారం ఉందనగా మేస్త్రి భార్య చర్చినుంచి రొప్పుకుంటూ వచ్చింది. ఆవిడ ప్రతి ఆదివారం వెళ్తుంది. అక్కడ పాడుకుంటే ఇంట్లో పాడదని మేస్త్రి అడ్డుపెట్టడు.

"ఏమండీ, మీ తమ్ముడు కనిపించాడు."

"ఎక్కడ? గేటు పక్కనా?"

"ఎగతాళి ఆపండి. చర్చిలో, వెనక బెంచీలో కూర్చున్నాడు. తాగడం మానేసి మూడేళ్లయిందట. పక్క ఊరి కలప డిపోలో పని చేస్తున్నాడు. మనిషి తేరుకున్నాడండీ. ఈస్టర్ మర్నాడు డిపో లారీలో దూరం వెళ్లిపోతున్నాడు, ఇక అక్కడే ఉండిపోవడమేనట. మీరు రమ్మంటే ఆగిపోతానన్నాడు."

"రుజువేది?"

"నా కళ్లతో చూశానంటున్నాగా!"

"పెళ్లిచూపుల్లో నీ కళ్లకి నేనూ బాగానే కనిపించాను. ఎద్దు ఈనిందంటే దూడని గాటికి కట్టెయ్యమనే బాపతు మీరంతా. చచ్చినవాళ్లు లేవరు, చెడ్డవాళ్లు మారరు. కుక్క తోక వంకర ఎప్పటికీ వంకరే."

ఆవిడ ఏడవలేదు. ఈ మనిషితో కాపురం చేసీ చేసీ ఏడుపు దండగని ఎప్పుడో తెలుసుకుంది. గుడ్డ తీసుకుని వెళ్లి గేటు పక్క రాయి మీద దుమ్ము తుడిచింది. రోజూ తుడుస్తుంది. మేస్త్రి మాత్రం ఆ పూట భోజనం సగంలో లేచిపోయాడు. ఎండ ఎక్కువైందన్నాడు. ఆ రోజు మబ్బుగా ఉంది.

రెండు రోజులకి పాస్టరుగారు షెడ్డుకి వచ్చారు. ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టుండే సన్నటి మనిషి ఆయన.

"మేస్త్రీ, ఈస్టర్ పొద్దున చర్చి ముందు, ఏసు సమాధిలోంచి లేచిన నాటకం వేస్తున్నాం. సమాధికి అడ్డంగా పెట్టడానికి గుండ్రటి రాయి కావాలి. పోయినసారి థర్మాకోల్‌తో చేస్తే, గాలికి ఎగిరి హార్మోనియం ఆయన నెత్తిన పడింది. జనం ఒకటే నవ్వు."

"మరి నవ్వరా! సరే గానీ, ఒక్కటి చెప్పండి. ఆ సమాధి ఖాళీగా ఉందని ముందు వచ్చి చెప్పిందెవరు?"

"ఆడవాళ్లు."

"అదీ సంగతి!" అని మేస్త్రి భార్య వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు.

"శిష్యులు కూడా అచ్చం మీలాగే అన్నారు మేస్త్రీ," అన్నారు పాస్టరుగారు నెమ్మదిగా. "పిచ్చిమాటలని కొట్టిపారేశారు. మూడేళ్లు ఏసు వెంట తిరిగినవాళ్లు, ఆయన్ని భటులు పట్టుకెళ్తుంటే వదిలేసి పారిపోయినవాళ్లు, గదిలో తలుపులేసుకుని కూర్చుని, ధైర్యం చేసి వెళ్లి చూసొచ్చినవాళ్లని పట్టుకుని రుజువేదన్నారు."

తన మాట తనకంటే ముందే ఇంకెవరో అనేశారంటే మేస్త్రికి కొంచెం చిన్నతనంగా అనిపించింది. "మరి ఆయనొచ్చి ఏం చేశాడు? చెవులు మెలేశాడా?"

"లేదు. భయపడకండన్నాడు. గాయాలు చూపించాడు. తినడానికేమైనా ఉందా అని అడిగాడు. వాళ్లు పారిపోయిన సంగతి ఎత్తనే లేదు. చావు గెలవలేదన్నది ఒకటి. గెలిచొచ్చినవాడు ఎవర్నీ నిలదియ్యలేదన్నది ఇంకొకటి. మాకు ఈస్టరంటే ఈ రెండూనూ."

మేస్త్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. "చావుని గెలిచొచ్చి తిండి అడగడమేంటండీ బాబూ! అంత ఘనకార్యం చేసి, తినడానికేమన్నా ఉందా? బాగుంది, బాగుంది. ఈ నవ్వు ఖరీదుకి మీకు రాయి ఊరికే ఇస్తా. థర్మాకోల్ కాదు, నిజం రాయి. తోసేవాళ్లున్నారా?"

"పది మంది ఉన్నారు," అన్నారు పాస్టరుగారు సంబరంగా. అమాయకులకి ఉచితం అన్న మాట వినగానే కళ్లు మూసుకుపోతాయి.

ఆయన వెళ్లాక మేస్త్రి భార్యని పిలిచాడు. "ఇదిగో విను. ఆదివారం ఆ రాయి కదిలిందా, గేటు పక్క రాయి కూడా తీసేస్తా. వాణ్ని రమ్మను. కదల్లేదా, వాడి మాట ఈ ఇంట్లో మళ్లీ ఎత్తకూడదు."

"నిజంగానా?"

"రుజువుంటే నేనెప్పుడు కాదన్నాను?"

ఎంత న్యాయంగా అన్నాడో చూడండి. శనివారం సాయంత్రం నలుగురు మనుషుల్ని పెట్టుకుని రాయి దింపాడు. ఎవరో తోటలో బల్ల కోసమని చెప్పి, తర్వాత వద్దన్న గుండ్రటి పలక అది. నిలబెడితే ఛాతీ ఎత్తు. ప్లైవుడ్‌తో కట్టి, బూడిదరంగు వేసిన సమాధి ముందు రెండు దూలాల మధ్య గాడి చేసి, పలక పడిపోకుండా, సాఫీగా దొర్లేలా అందులో నిలబెట్టాడు. పనిలో ఎంచడానికి లేదు. అందరూ దండాలు పెట్టి వెళ్లాక, అటూ ఇటూ చూసి, జేబులోంచి ఉలి మొనలాంటి రాతి పెచ్చు ఒకటి తీసి, పలక తెరుచుకునే వైపు గాడిలో దోపి, పైన గుప్పెడు మట్టి చల్లాడు.

ఇది వాళ్ల నాన్న నేర్పిన ఉపాయం. ఏటవాలులో రాయి దొర్లిపోకుండా పెట్టే అడ్డు. తోసినకొద్దీ రాయి పెచ్చు మీదికెక్కి ఇంకా బిగుస్తుంది. పది మంది తోస్తే పది రెట్లు బిగుస్తుంది. విడిపించాలంటే ఒకటే దారి. ముందు రాయిని వెనక్కి, మూసే వైపుకి వెంట్రుకవాసి తొయ్యాలి. అప్పుడు పెచ్చు వదులై చేతిలోకొస్తుంది. తెరవాలని వచ్చినవాడెవడికీ ముందు ఇంకాస్త ముయ్యాలని తోచదు. ఆ సంగతి తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. రెండోవాడు మేస్త్రి లెక్కలో చచ్చిపోయాడు.

ఆదివారం తెల్లవారుతుండగా చర్చి ముందు జనం నిండిపోయారు. మేస్త్రి కూడా వెళ్లాడు. లోపలికి కాదు, గేటు దగ్గర స్తంభానికి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన ముఖంలో పండగ కళ చర్చివాళ్లకన్నా ఎక్కువగా ఉంది.

ఏసు వేషం మందుల షాపాయనది. తెల్ల దుప్పటి చుట్టుకుని గంట ముందే సమాధిలో దూరాడు. కుట్టుపని టీచరు, ఆవిడ చెల్లెలు ఆడవాళ్ల వేషాల్లో సుగంధద్రవ్యాల సీసాలు పట్టుకుని వచ్చి, ఏడ్చి, రాయిని ఎవరు దొర్లిస్తారని బాధపడ్డారు. దేవదూత రెక్కలు కట్టుకున్న గుమాస్తా వచ్చి, రాయి మీద చెయ్యి పెట్టి, చాటునున్న ఇద్దరికి సైగ చేశాడు. ఇద్దరూ తోశారు. రాయి కదల్లేదు. నలుగురయ్యారు. ఆరుగురయ్యారు. దేవదూత కూడా రెక్కలు విప్పి పక్కన పెట్టి, నడుం వంచాడు. లోపల పెచ్చు ఎంత హాయిగా బిగుసుకుంటుందో తల్చుకుని మేస్త్రికి ఒళ్లు పులకరించింది.

అంతలో సమాధిలోంచి తుమ్ము వినిపించింది. తర్వాత రెండు. తర్వాత ఆగని దగ్గు.

"బాబూ, రంగు వాసన! ఊపిరాడట్లేదు! తియ్యండి!" అని అరిచాడు మందుల షాపాయన. ఊరందరికీ దగ్గు మందు అమ్మే మనిషి.

"ప్లైవుడ్ పగలగొట్టండి!" అన్నారెవరో.

"నిన్ననే రంగు వేయించాను, ఆగండి!" అన్నాడు సంఘపెద్ద. పెద్దల బుద్ధి ఎక్కడైనా ఒకటే.

పాస్టరుగారు కాళ్లూ చేతులూ ఆడక రాయి చుట్టూ తిరుగుతున్నారు. మేస్త్రి భార్య జనంలోంచి తిరిగి భర్త వైపు చూసింది. మేస్త్రి చూపు తిప్పుకున్నాడు. వెళ్లి ఒక్క తోపు తోస్తే అయిపోతుంది. కానీ వెళ్తే పెచ్చు దోపింది ఎవరో తెలిసిపోతుంది, పందెమూ పోతుంది. ఇంకొక్క నిమిషం చూద్దామనుకున్నాడు. లోపల ఒక మనిషి ఎగరొప్పుతుంటే, నిజం కోసం నిలబడ్డానని చెప్పుకునే ఈ ఘనుడు నిమిషాలు లెక్కపెడుతున్నాడు. ఆ మాట ఆయనకీ తోచింది. అయినా కాలు కదల్లేదు. రాళ్లతో నలభై ఏళ్లు ఉంటే ఆ మాత్రం అంటుకోదూ!

అప్పుడు వెనక వరసలోంచి కలప డిపో చొక్కా వేసుకున్న మనిషి ఒకడు ముందుకొచ్చాడు. రాయి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, గాడిలో మట్టి వేలితో తోసి చూశాడు. పెచ్చు వేలికి తగిలింది. తలెత్తి ఎవరి వైపూ చూడలేదు.

"అందరూ వెనక్కి జరగండి. ముందు ఇంకొంచెం మూద్దాం," అన్నాడు.

"మూయడమేంటయ్యా, మనిషి చచ్చేలా ఉంటే!" అన్నాడు దేవదూత.

ఆ మనిషి వినిపించుకోలేదు. రాయికి భుజం ఆనించి, మూసే వైపుకి నెమ్మదిగా ఒత్తాడు. పలక ఉలిక్కిపడ్డట్టు చిన్నగా కదిలింది. చెయ్యి కింద పెట్టి పెచ్చు తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత లేచి, ఒక్క అరచేత్తో పలకని తెరిచే వైపుకి దొర్లించాడు. అది ఏ చప్పుడూ చెయ్యకుండా వెళ్లి గాడి చివర ఆగింది. మందుల షాపాయన దుప్పటి కాళ్లకి చుట్టుకుని, కళ్లనీళ్లతో, దగ్గుతూ బయటపడ్డాడు. ఇంత నిజంగా లేచొచ్చిన ఏసుని ఆ చర్చివాళ్లు అంతకుముందు చూడలేదు. పాట ఎత్తుకోవడం కూడా మర్చిపోయి చప్పట్లు కొట్టారు.

"ఏమైందయ్యా, ఎందుకు కదల్లేదు?" అనడిగారు పాస్టరుగారు.

"ఏం లేదండి. గాడిలో చిన్న రాతి ముక్క పడింది."

మేస్త్రికి ఆ మాట స్పష్టంగా వినిపించింది. ముక్క పడింది. ఎవరో పెట్టారని కాదు. ఆయన ఎన్నో దెబ్బలు తిన్నాడు గానీ, తప్పు దాచిపెట్టి రక్షించేవాడి దెబ్బ ఇంతవరకు తినలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని సామెత. ఈ వచ్చినవాడు తన్ననైనా తన్నలేదు. మేస్త్రి ఎవరితో మాట్లాడకుండా షెడ్డుకి దాదాపు పరిగెత్తాడు.

ఆరాధన అయ్యాక భార్య మరిదిని వెంటబెట్టుకుని వచ్చేసరికి మేస్త్రి పని చేస్తున్నట్టు నటిస్తున్నాడు. ఉలి పట్టుకున్నాడు గానీ ముందు రాయి లేదు.

తమ్ముడు గేటు దగ్గర ఆగి నల్లరాయి చదివాడు. "అక్షరాలు బాగా కుదిరాయి అన్నయ్యా."

మేస్త్రి ఉలి మొన వేలితో తడిమి చూసుకున్నాడు.

"తేదీ కూడా తప్పని అనను. ఆ రోజు నేను పోయినమాట నిజమే." ఇంకో అడుగు లోపలికి వేశాడు. "నువ్వు రుజువు అడుగుతావని వదిన చెప్పింది. లెక్కపెట్టు."

జేబులోంచి పెచ్చు తీసి, చెయ్యి చాచి, చూపుడు వేలి కొసమీద పెట్టుకున్నాడు. మేస్త్రి నోరు దానంతటదే లెక్క మొదలుపెట్టింది. పది. ఇరవై. పెచ్చు కదల్లేదు. అరవై. వంద అయింది. అయినా ఆపలేదు. నూట నలభై దాకా వెళ్లాడు. వేలు వేలులాగే ఉంది. చివరికి భార్యే, "ఇక చాలండీ, వాడి చెయ్యి నొప్పెడుతుంది," అంది.

తమ్ముడు పెచ్చుని అన్న వైపు చాచాడు. "తీసుకో, ఇది నీదేగా."

అంతే అన్నాడు. దానివల్ల చర్చి ముందు ఒక మనిషి ఊపిరాడక చచ్చేవాడని అనలేదు. అందరి ముందూ నీ పేరు చెప్పలేదు చూశావా అని కూడా అనలేదు. మేస్త్రి మూడు వేళ్ల చెయ్యి చాచాడు. పెచ్చు చేతిలో నిలవలేదు. పట్టుకోబోతే మళ్లీ జారింది. కిందపడి రెండు ముక్కలైంది. వాళ్ల నాన్న లెక్కలో ఆ రోజు మేస్త్రికి పని లేదు.

"ఆ రోజు నేనే పెచ్చు పెట్టనివ్వలేదురా," అన్నాడు మేస్త్రి నేల చూస్తూ. అయిదేళ్లుగా ఆ మాట గొంతులో దోపుకుని ఉన్నాడు. "పెట్టి ఉంటే నిన్ను ఇంటికి పంపేసేవాణ్ని. వేళ్లు ఉండేవి. నువ్వూ ఉండేవాడివి. అంతా నీ మీదే చెక్కేశాను."

"తెలుసు అన్నయ్యా."

"తెలుసా? మరి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదేం?"

తమ్ముడు వదిన వైపు తిరిగాడు. తెల్లవారకముందే బస్సెక్కి వచ్చినవాడు.

"వదినా, తినడానికేమన్నా ఉందా?"

మేస్త్రి ఉలి చేతిలోంచి జారిపోయింది. అయిదు రోజుల క్రితం పొట్ట పట్టుకుని నవ్విన చోటే నిలబడి ఉన్నాడు. ఈసారి నవ్వు రాలేదు. మూడు వేళ్లతో కళ్లు తుడుచుకుని, రాతి దుమ్ము ఇంకా పూసుకుని, భార్య మీద గయ్యిమన్నాడు.

"చూస్తావేం నిలబడి? వాడు ఆకలంటున్నాడు, వినపడలేదా? పెట్టు!"

రొట్టె, గుడ్లు వచ్చేలోగా అన్నదమ్ములిద్దరూ గేటు పక్క నల్లరాయిని చెరో వైపు గునపంతో పట్టుకుని, ముఖం నేలకి చేసి పడుకోబెట్టారు. తమ్ముడి వైపు గునపం చివరిదాకా జారలేదు. ఎలాగూ అక్కడ అడుసు, గేటు ముందు మెట్టుకి పనికొస్తుందని వదిన తీర్మానించింది.

"మరి రేపటి లారీ?" అని అడిగాడు తమ్ముడు.

"దాని దారిన దాన్ని పొమ్మను. ఇక్కడ ఎనిమిది రాళ్లు వెనకబడి ఉన్నాయి."

భార్య కంచం తెచ్చి పెట్టి, ఇదే అదనని భర్త పక్కన చేరింది. "ఆ రాయి కదిలింది, ఈ రాయీ కదిలింది. మరి ఇప్పుడైనా ఆయన లేచాడని నమ్ముతారా?"

"ఒక్క రోజుకి ఒక్కడు చాల్లేవే," అన్నాడు మేస్త్రి. అన్నాడే గానీ, తమ్ముడు రెండో రొట్టె తీసుకుని తినడం పూర్తయ్యేదాకా చూపు తిప్పుకోలేదు. ఇంకొకటి కావాలా అని అడగడానికి కంచం దగ్గరికి జరిగి కూర్చున్నాడు.